ఎడమ పక్క మానిటర్

కొందరికి తేలికైన దారి చూపిస్తే కోపం వస్తుంది. కడపలో ఫొటో స్టూడియో నడిపే పెంచలయ్య అలాంటివాడు. నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. రెండువేల ఏడు ఎండాకాలంలో ఆయన ఫోన్ వచ్చిందంటే చాలు, నా ప్రాణం ఉసూరుమనేది. ఫిర్యాదు మాత్రం ఒకటే: పెళ్లి ఆల్బంలో ఏ ఫొటో పెట్టబోయినా అప్పగింతల ఫొటోనే వచ్చి కూర్చుంటోంది.

వెళ్లి చూస్తే నిజమే. గణపతి పూజ మీద నొక్కితే ఏడుస్తున్న పెళ్లికూతురు. తాళి కట్టే ఫొటో మీద నొక్కినా ఏడుస్తున్న పెళ్లికూతురే. నవ్వొచ్చింది గానీ ఆయన మొహం చూసి మింగేశాను.

ఒకప్పుడు ఆ గదిలో రెండు కంప్యూటర్లు, ఇద్దరు మనుషులు. ఆయన భార్య సుందరలక్ష్మి వదిన ఎడమ పక్కన కూర్చుని ఫొటోలు ఏరేది, ఆయన పేజీలు పేర్చేవాడు. కిందటి దసరాకు ముందు వదిన గుండెనొప్పితో పోయింది. ఆ తర్వాత ఆమె కంప్యూటర్ కూడా చెడిపోయింది. మానిటర్ బాగానే ఉంది కదా, నాదానికే తగిలించమని ఆయన అడిగితే తగిలించింది నేనే. ఫొటోలు ఆ తెర మీద, పేజీ ఈ తెర మీద. ఏరేదీ పేర్చేదీ ఇప్పుడు ఆయనొక్కడే.

చిక్కంతా అక్కడే వచ్చింది. మౌస్ ఎక్కడుందో తెలియడానికి కంప్యూటర్ మొదటి మానిటర్ ఎడమ అంచును సున్నా అనుకుని కుడివైపుకు లెక్కపెడుతుంది. దానికి ఎడమన ఇంకో తెర పెడితే లెక్క మైనస్‌లో పడుతుంది. ఆల్బం ప్రోగ్రాం రాసిన మహానుభావుడికి మైనస్ కూడా ఉంటుందని తట్టలేదు. అది దాన్ని ఏదో పేద్ద అంకె అనుకుని చిట్టచివరి ఫొటోను పట్టుకొచ్చేది. పెళ్లి ఫొటోల్లో చివరివి అప్పగింతలే కదా.

మానిటర్‌ను కుడి పక్కకు జరిపితే సరిపోతుందని చెప్పి తీగలు విప్పబోయాను. ఆయన దాని మీద చెయ్యి వేసి ఆపాడు.

“ఎన్నో జంటలకు ఫొటోలు తీసినా. పెండ్లాన్ని ఎడమ పక్కనే నిలబెట్టినా. ఆయమ్మను నేనెట్ల కుడి పక్కకు జరిపేదప్పా?”

నాకు ఒళ్లు మండింది. అవతల పెళ్లివాళ్లు ఆల్బం ఏదని పీక మీద కూర్చున్నారు, ఈయన మానిటర్‌కు మర్యాదలు చేస్తున్నాడు. విసుక్కుంటూ బండెక్కాను. కానీ దారి పొడవునా మనసు బాగాలేదు. ఆ మనిషిని చూస్తే జాలేసింది.

ఉపాయం తర్వాత తట్టింది. మళ్లీ వెళ్లి, వదిన మానిటర్‌నే మొదటిదిగా మార్చాను. ఇక సున్నా ఆమె తెర అంచు నుంచే మొదలవుతుంది, ఆయనది దానికి కుడిపక్కకు వస్తుంది, మైనస్ అన్న మాటే ఉండదు. దేన్నీ అంగుళం కూడా జరపలేదు. గణపతి పూజ మీద నొక్కితే గణపతి పూజే వచ్చింది. ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఘనకార్యం చేసినవాడిలా ఇంటికొచ్చాను.

ఆల్బం ఇచ్చేసిన తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. గొణుక్కుంటూనే వెళ్లాను. ఇప్పుడు క్లిక్కులన్నీ సరిగ్గా పడుతున్నాయట. కాకపోతే ఏది తెరిచినా ముందు వదిన తెర మీదే వస్తోంది. పాస్‌వర్డ్ అడిగేది అక్కడే, చేసిన పేజీని సేవ్ చేయాలా వద్దా అని అడిగేదీ అక్కడే.

“ఇన్నాళ్లు ఫొటోలకు తప్ప ఆపక్కకు తిరక్కుండా నెట్టుకొస్తాంటినప్పా. ఇప్పుడు ప్రతిదానికీ తిరగాల్సొస్తాండాది. తిరిగినప్పుడల్లా ‘ఇది సూడు’ అంటాండా. అనేసినాక గుర్తొస్తాది.”

నా తెలివికి నన్ను నేనే తిట్టుకున్నాను. పాత పద్ధతికి మార్చేస్తానని, ప్రోగ్రాం సంగతి ఇంకోలా చూద్దామని చెప్పి మౌస్ అందుకున్నాను. ఆయన నా చెయ్యి మెల్లగా పక్కకు తీశాడు.

“వద్దులే. ఉండనీ. పొద్దుగూకులూ ఈ గదిలో నేను నోరు తెరిసేది ఆ ఒక్క మాటకే.”