పోటు వేళ పడవ

శ్రావణి తుష్నాబాద్‌లో ఏడింటి బస్సెక్కి వండూర్ జెట్టీ దగ్గర దిగేది. దీవులు చూడ్డానికొచ్చేవాళ్లకి టికెట్లిచ్చే పడవల కంపెనీ ఆఫీసు అక్కడే. ఆమె వచ్చేసరికి ఊడ్చే యర్రమ్మ జెట్టీ మెట్ల మీద నాచు గీకుతూ ఉండేది. శ్రావణికి పని నేర్పిన సీనియర్ స్టీవెన్ మాత్రం తీరిగ్గా స్కూటర్ మీద వచ్చేవాడు.

ఒక సోమవారం మీటింగులో స్టీవెన్ లేచాడు. "సార్, జనాన్ని ఎండలో లైన్లో నిలబెట్టే బదులు పడవకో రంగు టోకెన్ ఇద్దాం. నీడలో కూర్చుంటారు, రంగు పిలిస్తే వస్తారు."

ఆ మాటలు శ్రావణి గొంతుతో వచ్చాయి, చివర్లో ఆమెకుండే చిన్న దగ్గుతో సహా. ఆ ఆఫీసులో అరువు మాట ఎవరిదైతే వాళ్ల గొంతుతోనే వస్తుంది. ఎవరూ తల తిప్పలేదు. "అచ్ఛా ఐడియా, స్టీవెన్" అని మేనేజరు జీవరాజు రాసుకున్నాడు.

అంతకుముందు శుక్రవారం టీ తాగుతూ అది స్టీవెన్‌కి చెప్పింది శ్రావణే. కోపం కన్నా, నోరు పెగలనందుకు సిగ్గు ఎక్కువ వేసింది. మధ్యాహ్నానికి ధైర్యం తెచ్చుకుంది.

"భయ్యా, నా పేరు ఒక్కసారి చెప్పొచ్చు కదా."

స్టీవెన్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అందరికీ నీ గొంతే వినపడింది కదా. ఇంకా నేను చెప్పేదేంటి?"

అడిగినందుకు కూడా తనే సిగ్గుపడింది.

ఆ వారం ఆటుకి నీళ్లు బాగా దిగినప్పుడు ఒక పెద్దాయన కింది మెట్ల మీద జారి మోకాలు చితక్కొట్టుకున్నాడు. "ఏం చేద్దాం?" అన్నాడు మేనేజరు తర్వాతి సోమవారం. స్టీవెన్ కన్నా ముందే శ్రావణి లేచింది.

"సముద్రం పోటు మీదున్నప్పుడు పడవ జెట్టీకి సమానంగా లేస్తాది. ముసిలోళ్లని ఆ ఏలకి ఎక్కించండి. మెట్లు దిగక్కర్లేదు."

ఆమె నోట్లోంచి వచ్చింది బొంగురు గొంతు. యర్రమ్మది.

శ్రావణికి అప్పుడు గుర్తొచ్చింది. రెండు వారాల క్రితం నాచు గీకుతూ యర్రమ్మ ఈ మాటే అంది. తను ఫోన్ చూసుకుంటూ ఊ కొట్టింది. తర్వాత బస్సులో అది తనకే తట్టిందనుకుని మురిసిపోయింది.

"బహుత్ బఢియా, శ్రావణీ" అని మేనేజరు ఆమె పేరు రాసుకున్నాడు. స్టీవెన్ ఆమెని చూసి నవ్వాడు. ఎగతాళిగా కాదు, తనవాళ్లలో ఒకరిని చూసినట్టు. ఆ నవ్వుకి ఆమె చెవులు కాలిపోయాయి.

"సార్, నా పేరు కొట్టెయ్యండి. ఇది యర్రమ్మ పిన్ని చెప్పింది. నాదనుకున్నాను." ఈసారి సొంత గొంతే, వణుకుతూ. "టోకెన్ల మాట మాత్రం నాది."

స్టీవెన్ నవ్వు ఆగిపోయింది. మేనేజరు తన కాగితాలు వెనక్కి తిప్పి, స్టీవెన్ పేరూ ఆమె పేరూ కొట్టేసి, "ఆవిణ్ణి పిలువు" అన్నాడు.

తలుపు తీస్తే ఎదురుగా చీపురుతో యర్రమ్మ.

"నా గొంతు ఇనబడింది" అంది. "నా పేరు సెబుతావో, సెప్పవో అని నిలబడ్డాను."

శ్రావణి ఆమె మొహంలోకి చూడలేకపోయింది.

మరుసటి నెల నుంచి చీపురు ఇంకొకరికిచ్చి, పడవల వేళలు చెప్పే పని యర్రమ్మకిచ్చారు. మొదటిరోజు ఆమె చెబుతుంటే శ్రావణి బోర్డు మీద రాసింది. చివర్లో ఇంకో మాట రాసింది.

"అదేటి?"

"నీ పేరు, పిన్నీ."

యర్రమ్మ దగ్గరికొచ్చి ఆ అక్షరాలని కిందికీ పైకీ చూసింది.

"సిన్నగా రాసినావు" అంది. "సెరిపేసి పెద్దగా రాయి."