వంక లేని రంపం

మూడో షోరూము నుంచి బయటికి వచ్చేసరికి తమ్ముడి ముఖం వాడిపోయి ఉంది. వ్యాను తలుపు తీస్తూ అడిగాడు.

"దీనికేం తక్కువైంది అన్నా?"

"పక్క పట్టీ. బిగించేటప్పుడు వెనక కొస వెంట్రుకవాసి జరుగుతోంది."

"వెంట్రుకవాసి."

"చెక్క ఆ పట్టీకీ బ్లేడుకీ మధ్య ఇరుక్కోవడానికి అంతే చాలు. ఇరుక్కుంటే వెనక్కి తంతుంది. పొట్టలో."

వెనక సీట్లో కూర్చున్న అన్న భార్య ఉక్కు బద్ద ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. బల్లలు చదునుగా ఉన్నాయో లేదో చూడటానికి ఆయన వెంట తెచ్చుకున్న బద్ద అది. "నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు కూడా ఇది తెచ్చి ఉంటే, నేను బతికిపోయేదాన్ని" అంది.

తమ్ముడు నవ్వాడు. అందరూ మట్టం మేస్త్రి అని పిలిచే ఆ అన్న నవ్వలేదు. ఎడమ చేతిని మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతికి చూపుడు వేలూ మధ్య వేలూ లేవు.

చేతిలో మట్టం లేకుండా ఎవరూ ఆయన్ని చూడలేదు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు సొంత పేరు పెట్టి పిలిస్తే ఆయనే ఒక క్షణం ఆలోచిస్తాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే వడ్రంగి షాపు. తలుపులు, బీరువాలు, కిటికీలు. కోత అంతా ఆయనదే. బిగింపు తమ్ముడిది. పాలిష్ ఆయన భార్యది. వానలు మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, పాత రంపం ఆ రెండు వేళ్ళూ తీసుకుంది.

అది ఎలా జరిగిందో ఆయన డాక్టరుకి చెప్పాడు, భార్యకి చెప్పాడు, పని ఇచ్చేవాళ్ళకి చెప్పాడు. "బేరింగు అరిగింది. బ్లేడు వణికింది. తునక ఎగిరి చేతిని లోపలికి లాగింది." ఎప్పుడు చెప్పినా అవే మాటలు, అదే వరస. చెప్పగా చెప్పగా ఆ వాక్యం పాత ఉలి పిడిలా నున్నబడిపోయింది. చేతిలో పట్టుకుంటే హాయిగా ఉంటుంది. దాని కింద ఏముందో ఆయన తడిమి చూడలేదు.

ఆ రోజు నుంచీ కోత తమ్ముడు చేస్తున్నాడు. మట్టం వెనక గదిలో కూర్చుని కుడి చేత్తో గరుకు కాగితం పెట్టి చెక్కలు రుద్దుతున్నాడు. రంపం మోగినప్పుడల్లా లేచి వెనక తలుపులోంచి బయటికి పోతాడు. ఆగాక వస్తాడు. ఆ మోత విని తట్టుకోలేడని ఇంట్లో అనుకున్నారు. నిజానికి ఆయన తట్టుకోలేనిది మోత కాదు. ఆ మోత ముందు ఇంకొకడు నిలబడి ఉండటం.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. ఆయన పెట్టిందే. ఏ మిషను అయినా దాని ముందు నిలబడే మనిషి ఎత్తుకి కోసిన దిమ్మల మీద ఉండాలి. బల్ల అంచు నడుం కిందికి, చెయ్యి తేలిగ్గా వాలే చోటుకి రావాలి. పాత రంపం కింద ఉన్నవి ఆయన దిమ్మలు. తమ్ముడు పొట్టివాడు. అయినా వాటిని తియ్యలేదు. ఒక పీట చేసుకుని, దాని మీద నిలబడి కోస్తున్నాడు. రోజూ సాయంత్రం ఆ పీటని గోడకి ఆనించి వెళ్తాడు, అది అక్కడ లేనట్టు. ఆ మర్యాద మట్టాన్ని వేళ్ళకంటే ఎక్కువ బాధపెట్టింది.

పాత రంపం ఎలాగూ మార్చాలి. కొత్తది కొందామన్నప్పుడు భార్య ఒక మాట అంది.

"మీరే చూసి తీసుకోండి. తీసుకునే ముందు దాని మీద ఒక్క చెక్క కోసి చూపించండి. చెయ్యి వణకకపోతే మీ చోటు మీది. వణికిందా, ఇక మీ తమ్ముడిదే. మళ్ళీ ఈ ఊసు ఎత్తొద్దు మనం."

ఆయన ఒప్పుకున్నాడు. క్యాబినెట్ రంపమే కావాలన్నాడు. దాంట్లో మోటారూ బ్లేడు ఇరుసూ కింది ఇనుప పెట్టెకే బిగించి ఉంటాయి. పైనున్న పోత ఇనుము బల్ల బరువుకి అంతా కదలకుండా కూర్చుంటుంది. వణుకు ఉండదు. వణుకు లేకపోతే ఏదీ జరగదు.

మొదటి షోరూములో ఉక్కు బద్ద కిందికి పల్చటి కాగితం దూరింది. బల్ల మూల కుంగి ఉందన్నాడు. రెండో చోట బ్లేడుని వాల్చే చక్రం తిప్పుతుంటే మధ్యలో పట్టేస్తోందన్నాడు. మూడో చోట ఇంకోటి జరిగింది. అది ఆయన ఎవరికీ చెప్పలేదు. బల్ల మీద ఎడమ చెయ్యి పరిచి మెల్లగా జరిపినప్పుడు, లేని రెండు వేళ్ళ కొసలకి ఒక గుంట తగిలింది. స్పష్టంగా తగిలింది. బద్ద పెట్టి చూస్తే గుంట లేదు. కాగితం కాదు కదా, వెలుతురు కూడా దూరలేదు. ఆయన వేళ్ళ మాటే నమ్మాడు. నమ్మి, బయటికి చెప్పుకోవడానికి, చెక్కని ఆనించి తోసే ఆ పక్క పట్టీలో వంక వెతికాడు.

"ఇంకొక్కటి ఉంది" అన్నాడు తమ్ముడు, వ్యాను తిప్పుతూ. "కుర్చీలు చేసే ఆయనది. పోయాడట. వాళ్ళమ్మాయి అమ్ముతోంది. అది కూడా కాదంటే నేను చేతిరంపంతో కోస్తాను. నాకేం."

"పాతదా?"

"పాతదే. నీలాంటివాడే వాడాడట. చాదస్తం మనిషి."

షట్టరు ఎత్తినప్పుడు లోపలి నుంచి చల్లటి రంపపు పొట్టు వాసన వచ్చింది. యజమాని కూతురు ముక్కుకి గుడ్డ కట్టుకుని ముందు నడిచి, లైట్లు వేసింది. గోడకి పూర్తికాని కుర్చీ కాళ్ళు వరసగా వేలాడుతున్నాయి. మధ్యలో రంపం, పైన దుప్పటి.

"నాన్న పోయాక ఎవరూ ముట్టుకోలేదు" అంది దుప్పటి లాగుతూ. "మొదట్నించీ ఆయన ఒక్కడే దీని మీద. పది వేళ్ళతో వచ్చాడు, పది వేళ్ళతో పోయాడు అంటుంది మా అమ్మ, గొప్పగా."

అప్పుడు ఆమె చూపు ఆయన చేతి మీద పడింది. గుడ్డ సర్దుకుంది.

"మా ఆయన రెండు ముందుగా పంపించాడు లెండి" అంది భార్య. ఆ అమ్మాయికి నవ్వాలో వద్దో తెలియలేదు.

మట్టం పని మొదలుపెట్టాడు. బద్దని నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి పెట్టాడు. కాగితం దూరలేదు. బ్లేడు తీయించి ఇరుసు మీద గేజి ముల్లు ఆనించి, చేత్తో తిప్పాడు. ముల్లు కదలలేదు. పక్క పట్టీని బిగించాడు, వదిలాడు, బిగించాడు. ప్రతిసారీ ముందూ వెనకా ఒకేలా నిలిచింది. చక్రాలు రెండూ నూనెలో తిరిగినట్టు తిరిగాయి. బ్లేడు వెనక, కోసిన చెక్క మూసుకుపోకుండా నిలబడే రేకు సరిగ్గా బ్లేడు వరసలో ఉంది. బెల్టులు చూశాడు. పెట్టె లోపలికి తల పెట్టి, టార్చి వేసి, చాలాసేపు ఉండిపోయాడు.

"లోపల కాపురం పెట్టేస్తావా అన్నా?" అన్నాడు తమ్ముడు.

బ్లేడు మళ్ళీ బిగించి, బల్ల మూలన ఒక నాణేన్ని అంచు మీద నిలబెట్టి, స్విచ్చి వేయమన్నాడు. మోటారు అందుకుంది. గోడకి ఉన్న కుర్చీ కాళ్ళు సన్నగా మోగాయి. నాణెం నిలబడే ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు. అది పడిపోతే బాగుండునని తను ఎదురుచూస్తున్నట్టు ఆయనకి హఠాత్తుగా తెలిసింది.

ఇన్నాళ్ళూ తను వెతికింది రంపాన్ని కాదు. వంకని. వంక దొరికినంతసేపు ఆ నున్నటి వాక్యం చెల్లుతుంది. కోయాల్సిన ఒక్క చెక్క ఇంకొక చోటికి వాయిదా పడుతుంది. ఈ చచ్చిపోయిన మనిషి ఎవడో తన రంపాన్ని ఇంత శుభ్రంగా ఉంచి, తనకి తప్పించుకునే దారి లేకుండా చేశాడు.

"ఇంకా ఏమైనా చూడాలా?" అంది భార్య. గొంతులో వేళాకోళం లేదు.

"లేదు."

మూల నుంచి ఒక చెక్క పలక తెచ్చుకున్నాడు. పట్టీని కుడి వైపు బిగించి, ఎడమ వైపు సన్నటి తునక మిగిలేలా కొలత పెట్టాడు. అది కష్టమైన కోత. తేలికది ఎంచుకోవడం ఆయనకి చేతకాదు. బ్లేడుకి ఎదురుగా కాకుండా కొంచెం ఎడమకి నిలబడి, కుడి చేత్తో తోపుడు కర్ర పట్టాడు. ఎడమ అరచెయ్యి చెక్కని పట్టీ వైపు ఆనించింది.

చెక్క వెళ్ళింది. అన్ని నెలల తరవాత ఆ ఒరిపిడి మణికట్టులోంచి భుజానికి ఎక్కుతుంటే, తన ఒంట్లోకి తను తిరిగి వస్తున్నట్టనిపించింది. చెయ్యి వణకలేదు. ఎక్కడా ఆగలేదు. పలక బ్లేడు దాటి అవతలికి చేరింది. స్విచ్చి కట్టాడు.

భార్య అప్పటికే పలక అందుకుని, కోసిన అంచు మీద బొటనవేలు జరుపుతోంది. తమ్ముడు ఆ అమ్మాయిని మోటారు గురించి ఏదో అడుగుతున్నాడు. బ్లేడు ఇంకా తిరుగుతోంది, చప్పుడు తగ్గుతోంది కాబట్టి దాదాపు ఆగినట్టే ఉంది. దాని పక్కన సన్నటి తునక బల్ల మీద టకటక కొట్టుకుంటోంది.

బల్ల మీద తునక ఉండకూడదు. అది షాపులో ఇంకో పద్ధతి. మంచి పనివాడు ఎవడో చెప్పాలంటే కోసిన వెంటనే అతని బల్ల చూడాలంటాడు ఆయన.

ఎడమ చెయ్యి దాని దారిన అది వెళ్ళింది. ఆయన పంపలేదు. ఆపాలని తెలియనూ లేదు. ముందుగా ఆ రెండు వేళ్ళు చాచుకున్నాయి, లేని రెండు. తునక కోసం బ్లేడు పక్కకి, బ్లేడులోకి వెళ్ళాయి. ఒక చల్లటి గీత వాటి మధ్య నుంచి దాటింది. చెయ్యి వెనక్కి వచ్చింది. రక్తం లేదు. పోవడానికి అక్కడ ఏమీ లేదు. తునక మాత్రం అక్కడే కొట్టుకుంటూ, కాసేపటికి ఆగింది.

ఎవరూ చూడలేదు.

బ్లేడు వణకలేదు. తునక ఎగరలేదు. ఏదీ చేతిని లాగలేదు. ఆ వాన మధ్యాహ్నం కూడా చెయ్యే వెళ్ళి ఉంటుంది. నాణెం ఇంకా బల్ల మూల మీద నిలబడే ఉంది.

"చెయ్యి వణకలేదు" అంది భార్య. ఆమె ముఖంలో ఆయన చాలా రోజులుగా చూడనిది ఏదో ఉంది.

"లేదు."

"మరి రంపం? ఏదో ఒకటి చెప్పెయ్, వింటాం" అన్నాడు తమ్ముడు.

"వంక లేదు. తీసుకుందాం."

దారిలో వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. పాతదాన్ని ఎవరికి అంటగట్టాలి, కొత్తదాన్ని కిటికీ వైపు పెడితే వెలుతురు బాగుంటుందా. ఆయన వినలేదు. ఏమీ చెప్పకపోతే రేపటి నుంచి తన చోటు తనది. మాట ప్రకారం చెయ్యి వణకలేదు. అది అబద్ధం కాదు. ఆ చేతికి ఇంకా మూడు వేళ్ళున్నాయి. వాటి సంగతి ఎప్పుడు తేలుతుందో ఆ చేతికే తెలియదు.

మర్నాడు రంపాన్ని మనుషుల్ని పెట్టి దింపారు. తమ్ముడు ఆయన దిమ్మలు రెండూ తుడిచి, కింద పెట్టడానికి సిద్ధంగా ఉంచాడు.

"అవి వద్దు" అన్నాడు మట్టం. "నేల మీదే ఉండనీ. నీ ఎత్తుకి సరిపోతుంది. ఆ పీట కూడా తీసెయ్."

తమ్ముడు వదిన వైపు చూశాడు. ఆమె చేతిలో పాలిష్ గుడ్డ ఆగిపోయింది.

"నిన్న బాగానే కోశారుగా" అంది.

"బాగానే కోశాను."

"వణకలేదు. నేను చూశాను."

"వణికితే బాగుండేది. వణికే చెయ్యి భయపడ్డట్టు. ఇది భయపడలేదు."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. దిమ్మల్లో ఒకటి తనే ఎత్తి మూలకి తీసుకెళ్ళింది.

తమ్ముడు రసమట్టం పెట్టి బల్లని సరిచేశాడు. ఒక పలక తెచ్చాడు. మట్టం వెనక తలుపు వైపు వెళ్ళలేదు. ఈసారి ఉండి చూడాలనుకున్నాడు. రంపానికి ఎడమ పక్కన నిలబడ్డాడు. ఇన్ని నెలల్లో తమ్ముడు కోస్తుంటే ఆయన చూడటం అదే మొదటిసారి.

తమ్ముడు బాగా కోశాడు. తొందర లేదు, భుజాలు బిగుసుకోలేదు. అన్నీ తను నేర్పినట్టే, నిలబడ్డ తీరు కూడా. పలక బ్లేడు దాటింది. స్విచ్చి కట్టాడు. చప్పుడు తగ్గుతోంది. సన్నటి తునక బ్లేడు పక్కన కొట్టుకుంటోంది. తమ్ముడి ఎడమ చెయ్యి లేచింది, తేలిగ్గా, అలవాటుగా, తల పక్కకి తిప్పి వదినతో ఏదో అంటుండగానే.

మట్టం ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఏంటన్నా?"

"ఆగనీ."

"ఆగినట్టేగా. బల్ల మీద తునక ఉంటే నువ్వు తిట్టేవాడివి కాదూ?"

"అవును."

ముగ్గురూ బ్లేడుని చూశారు. అది పళ్ళు కనిపించకుండా, ఒక మెరుపు పళ్ళెంలా, చాలాసేపు తిరిగింది. తునక దాని పక్కన టకటకమంటోంది. దాన్ని తీసెయ్యాలని లేవబోయిన కుడి చేతిని ఆయన వీపు వెనక్కి పెట్టుకున్నాడు. మూడు వేళ్ళతో పట్టు సరిగా చిక్కలేదు. ఆ పట్టు కింద, తమ్ముడికి తెలియకుండానే, మణికట్టు ఇంకా ముందుకే లాగుతోంది.