తమ్ముడి తాళానికి పరీక్ష

కోడ్‌లో కలపమంటూ ఒక ప్యాచ్ వచ్చిందన్న కబురు అక్కకు హెడ్మాస్టరు చెప్పాడు. ఆయన బడిలో పనిచేసే మనిషి కాదు, కంప్యూటరును లోపలినుంచి నడిపించే మూల ప్రోగ్రాం, కెర్నెల్, ఆ విభాగానికి పెద్ద. ఎవరి కోడ్‌నైనా ఎర్రరంగులో దిద్ది పంపుతాడని ఆఫీసులో ఆ పేరు స్థిరపడింది.

"మీ ఇంటి మనిషే పంపింది. మీరే రివ్యూ చెయ్యండి," అన్నాడు.

ఇంటి మనిషి అంటే మరదలు. కిందటి చలికాలంలో పోయిన తమ్ముడి భార్య. కింది అంతస్తులో, టెస్టింగ్ విభాగంలో పని. అక్క ఉండేది పై అంతస్తు. కెర్నెల్‌లో తాళాల కోడ్ ఆమె బాధ్యత. కంప్యూటరు లోపల ఒక వస్తువును ఇద్దరు, అంటే రెండు ప్రోగ్రాములు, ఒకేసారి ముట్టుకోకుండా కాపాడేది ఆ తాళం. ఒకరు పట్టుకున్నంతసేపు మిగతావాళ్లు వరసలో నిలబడాలి. ఆ కోడ్ రాసింది తమ్ముడు. ప్రతి వాక్యం చదివి ఒప్పుకున్నది అక్క. వాడు పోయాక దాన్ని ఎవరినీ తాకనివ్వలేదు.

మరదలు పంపింది ఒక టెస్ట్ కేసు. తాళం అందించే క్షణంలోనే, వరసలో ముందున్నవాడు విసిగి వెళ్లిపోతే ఏమవుతుందో చూసే చిన్న ప్రోగ్రాం. తాళం ఎవరి చేతికీ చేరదనీ, వెనకున్నవాళ్లంతా ఎదురుచూస్తూ ఉండిపోతారనీ రాసింది. కింద ఇంకో వాక్యం: "ఈ చోట ఆయనకే అనుమానం ఉండేది."

అక్క చూపు అక్కడ ఆగిపోయింది. కోడ్ గురించిన మాటలన్నీ తనవీ వాడివీ అనుకుంది. ఇంట్లో మొగుడూ పెళ్లాలు కారే కుళాయి గురించో, కొత్త కర్టెన్ల గురించో మాట్లాడుకుంటారనుకుంది.

టెస్టు నడిపింది. మెషిన్ బిగుసుకుపోయింది. ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి, తాళం అందించే చోటికి ముందు తెరమీద ఒక మాట చూపించే ప్రింటు లైను పెట్టి మళ్లీ నడిపింది. ఈసారి ఆగలేదు. మళ్లీ నడిపింది. హాయిగా పూర్తయింది.

అక్క ప్రాణం లేచి వచ్చింది. వెంటనే అందరికీ కనబడే మెయిళ్ల జాబితాలో జవాబు రాసింది. "నా దగ్గర తప్పు కనిపించడం లేదు. మొదటిసారి ఆగింది వేరే కారణం వల్ల కావచ్చు. ఈ టెస్టును నమ్మలేం." అంతటితో ఊరుకోలేదు. ఒకచోట ఖాళీ ఎక్కువైందనీ, ఒక పేరు పొడుగైందనీ, కోడ్ పక్కన రాసిన వ్యాఖ్య చివర చుక్క లేదనీ గోరంతలు కొండంతలు చేసింది. పంపాక మంచినీళ్లు తాగింది.

గ్లాసు కింద పెట్టేసరికి మరదలు కుర్చీ పక్కన నిలబడి ఉంది.

"చుక్క పెడతాను వదినా. ముందు ఒకటి చెప్పండి. మధ్యలో ప్రింటు ఏమైనా పెట్టారా?"

"పెడితే?"

"పెట్టారన్నమాట."

"పాతికేళ్ల నుంచీ పెడుతున్నాను. ఇప్పుడు నువ్వు నేర్పుతావా?"

"ప్రింటు వల్ల తాళం అందించేవాడికి ఆలస్యమవుతుంది. ఈలోగా వెళ్లాల్సినవాడు శుభ్రంగా వెళ్లిపోతాడు. ఇద్దరూ ఎదురుపడరు, తప్పు బయటపడదు. మీ తమ్ముడూ అంతే. ప్రింటు పెట్టి చూడటం, దొరకలేదని జుట్టు పీక్కోవడం."

వెనక బల్ల దగ్గర హెడ్మాస్టరు అవసరం లేకుండా దగ్గాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు వాడు?" అక్క గొంతు తగ్గించింది.

"మీ ముందు తప్పు చేసినవాడిగా నిలబడటం ఇష్టం ఉండేది కాదు. ఖాయమయ్యాక చెప్తాలే అనేవారు. అక్క చూస్తే ఉతికి ఆరేస్తుంది అనేవారు."

"నవ్వుతూనేనా?"

"నవ్వుతూనే."

ఓదార్పుగా చెప్పిన ఆ మాట అక్కకు ముల్లులా దిగింది. సరిదిద్దుకుని, ఇస్త్రీ చేసుకుని వచ్చిన తమ్ముడే తనకు దక్కాడు. తడబడేవాడు, తెలియక జుట్టు పీక్కునేవాడు, పూర్తిగా ఈ పిల్లకు దక్కాడు. ఇన్నేళ్లు పక్క కుర్చీలో కూర్చున్నా ఆ మనిషిని తను చూడలేదు.

"నువ్వు వెళ్లు. చూస్తాను."

మరదలు వెళ్లింది. అక్క ప్రింటు లైను మళ్లీ తెరిచింది. అది తీసేస్తే తమ్ముడి కోడ్ తప్పని తేలుతుంది, తను ఒప్పుకున్నదీ తప్పని తేలుతుంది. తీసేసి నడిపింది. మెషిన్ ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టి నడిపింది. మళ్లీ అక్కడే ఆగింది.

అదే జాబితాలో, తన మొదటి జవాబు కిందే రాసింది. "నా పరీక్షలోనే పొరపాటు జరిగింది. నేను పెట్టిన ప్రింటు తప్పును దాచింది. టెస్టు సరైనది. రివ్యూ చేశాను, ఒప్పుకుంటున్నాను." కింద తన పేరు పెట్టింది. పంపేముందు చుక్క గురించి రాసిన అభ్యంతరం కూడా వెనక్కి తీసుకుంది.

"బాగా రాశారు," అన్నాడు హెడ్మాస్టరు.

"మీరు దిద్దకండి," అంది అక్క.

తర్వాత కింది అంతస్తుకు ఫోన్ చేసింది.

"వాడికి ఇలాంటి అనుమానాలు ఇంకా ఉండేవా?"

"చాలా ఉండేవి వదినా. కొన్ని ఉత్తవే."

"ఉత్తవైనా సరే, పంపు. అన్నిటికీ టెస్టులు రాసి పంపు." కాస్త ఆగి, కరుకుగానే అంది. "వాడు ఎలా అన్నాడో, ఆ మాటతో సహా రాయి."