ఎర్ర దారం కుట్టు

ఎర్మీనియాను చంపింది ఆమె తమ్ముడు రుఫీనో. ఆమె భర్త సెనోబియో లెక్కలో అది ఎప్పుడో తేలిపోయిన సంగతి. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న అక్కను లాపాస్ ఆసుపత్రికి తెస్తూ, జలపాతం మలుపు దగ్గర రుఫీనో బండి ఆపేశాడు. రాయి పడలేదు, టైరు పేలలేదు. చేతులు స్టీరింగుకు అతుక్కుపోయి అలా కూర్చుండిపోయాడు. ఆసుపత్రి గేటు దగ్గర కాచుకున్న సెనోబియోకు దక్కింది శవం. మట్టి చేసిన చోట అందరి ముందూ "పిరికివాడా" అన్నాడు. ఆ తర్వాత బావమరిదితో మాట కలపలేదు.

ఆ ఉదయం మినీబస్సు అద్దం తుడిచి, టాపు మీది మూటల తాళ్ళు ఒక్కొక్కటే లాగి చూసుకుంటున్నాడు. పొట్టి మనిషి. మెడ లేనట్టుండే భుజాలు, కోకా ఆకు నమిలి నమిలి పచ్చబడ్డ పళ్ళు. ఎంత చలైనా తన పక్క కిటికీ సగం దించే ఉంచుతాడు. చొక్కా జేబులో నిమ్మకాయ ఉంటుంది. ఎందుకని అడిగితే, వాంతి రాకుండా అంటాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కొండదారిలో తిరిగేవాడికి వాంతేమిటని ఎవరూ అడగలేదు.

అసలు సంగతి వేరు. పోయిన వానాకాలం నుంచి అదే మలుపు దగ్గర గుండె దడదడలాడుతోంది. అరచేతులు చెమరుస్తాయి. చూపు గొట్టంలోంచి చూసినట్టు ఇరుకవుతుంది. ఇక చచ్చిపోవడమే అనిపిస్తుంది. నిమ్మకాయ కొరికి, ఊపిరి మెల్లగా వదులుతూ, ఎలాగో దాటిస్తాడు. డ్రైవర్ల యూనియన్‌వాళ్ళకు తెలిస్తే బండి తీసేసుకుంటారు. బండి పోతే అతనికి మిగిలేది ఒక మంచం, దాని చుట్టూ నాలుగు గోడలు.

బయల్దేరే ముందు వెనక సీట్లో ఎవరో ఎక్కారు. అద్దంలో చూశాడు. గోధుమరంగు ఉన్ని టోపీ. చెవి మీదికి దిగే పక్క చిరిగితే ఎర్ర దారంతో కుట్టిన కుట్టు. ఆ కుట్టు ఎర్మీనియాది. ఇంట్లో వేరే రంగు దారం లేక వేసింది. టోపీ కింద రుఫీనో.

"ఏమయ్యా, ఇల్లంతా మూటకట్టావు, ఎక్కడికి?" ముందు సీట్లోంచి నారింజలమ్మే బాసీలియా వెనక్కి తిరిగింది. అందరూ ఆమెను మర్యాదగా దోన్యా అంటారు.

"కరనావీలో దిగి, లారీ పట్టుకుని మైదానంలోకి, దోన్యా. పశువుల దొడ్లో పనుందంట. అక్కడ నేలంతా చదునేనంట."

"మంచిదే. పడ్డా నీ ఎత్తు నుంచే పడతావు. మరి మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"రాను."

సెనోబియో గేరు వేశాడు.

కనుమ మీద చలిలో కుక్కలు వరసగా కూర్చుని ఉన్నాయి. కొండకు కోపం రాకుండా ప్రతి డ్రైవరూ వాటికి పెడతాడు. సెనోబియో కిటికీలోంచి రొట్టెలు విసిరాడు.

"కుక్కలకి తాజా రొట్టె, మాకేమో నీ మొహం," అంది బాసీలియా.

తారు అయిపోయి మట్టిదారి మొదలైంది. దిగే బండి లోయ అంచునే పోవాలి. తన చక్రం ఎక్కడుందో డ్రైవరు కళ్ళారా చూసుకోవాలని ఆ నియమం. మలుపు కనబడకముందే సెనోబియో నిమ్మకాయ కొరికాడు. అది పనిచేయలేదు. ఎదురుగా ఎక్కడో లారీ హారను మోగింది. అతను బ్రేకు తొక్కాడు. అంతే, చేతులు స్టీరింగును వదల్లేదు. నిమ్మకాయ కాళ్ళ కిందికి దొర్లిపోయింది.

"రాయి పడిందా?" అంటూ అతని మొహం చూసి బాసీలియా నోరు మూసుకుంది.

రుఫీనో దిగి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బావా, చావు కాదిది. వస్తుంది, పోతుంది. నాకు తెలుసు. చేతుల్తో పోట్లాడకు, ఉండనీ."

సెనోబియో తల మీదున్న టోపీని రుఫీనో మెల్లగా తీసుకున్నాడు. అంచున నిలబడి, లోయ మీదుగా దాన్ని ఊపుతూ పిలిచాడు.

"సెనోబియో, రా. ఇటు రా. అక్కడేం పనుంది నీకు? అందరం కూర్చుని ఉన్నాం. రా, పోదాం."

జడుసుకున్నవాడి ప్రాణం జడుసుకున్న చోటే నిలిచిపోతుంది. ఒంటి మీది బట్ట చూపించి, పేరు పెట్టి పిలిస్తేనే వస్తుంది. ప్రతి ఇంట్లోనూ పిల్లలకు చేసేదే. బస్సులో ఎవరూ నవ్వలేదు. బాసీలియా తన సారా సీసాలోంచి నాలుగు చుక్కలు కిటికీలోంచి నేలకు వదిలి, "రా నాయనా, సెనోబియో" అంది. వెనక నుంచి ఇంకో రెండు గొంతులు కలిశాయి.

రుఫీనో ఆ టోపీ తెచ్చి మళ్ళీ సెనోబియో తల మీద పెట్టాడు. కాసేపటికి చిటికెన వేలు కదిలింది. తర్వాత మిగతావి.

"మరి నిన్నెవరు పిలిచారు?" సెనోబియో అడిగాడు.

"అక్క." రుఫీనో తన టోపీ కుట్టును తడుముకున్నాడు. "దీన్నే లాక్కుని కిటికీలోంచి ఊపింది. గొంతు రావట్లేదు. అయినా పిలుస్తూనే ఉంది. నా చేతులు కదిలాయి. బండి కదిలాక చూస్తే, అక్క పిలవట్లేదు."

సెనోబియో గేరు మీద చెయ్యి వేశాడు.

"ఎక్కు," అన్నాడు.

బస్సు మలుపు దాటింది.

కరనావీలో రుఫీనో మూట భుజాన వేసుకుని, "వస్తా బావా" అన్నాడు. సెనోబియో వంగి టైరు చూసుకుంటున్నాడు. టైరుకు ఏమీ కాలేదు. అతను తలెత్తేసరికి పశువుల లారీ వంతెన దాటుతోంది.

బాసీలియా నారింజ బుట్టలు ఎక్కించుకోవడానికి తిరిగి వచ్చింది.

"విన్నావుగా సెనోబియో. ఇప్పటికైనా ఆ కుర్రాడి మీద..."

"దోన్యా, ఆ మాట నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను. ఇంక ఎప్పటికీ ఎత్తను."

అన్నట్టే ఎత్తలేదు. రుఫీనో చంపాడనీ అనలేదు, చంపలేదనీ అనలేదు.

బుట్టలకు చోటు చూడ్డానికి బస్సు వెనక తలుపు తీశాడు. చివరి సీటు మీద గోధుమరంగు ఉన్ని టోపీ ఉంది, ఎర్ర కుట్టు పైకి కనిపించేలా మడిచిపెట్టి.