ఆమోసు వీపు మీది గుర్తులు

ఆమోసుకు అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు, గని నేర్పింది. ఇరవై ఆరేళ్లు గోదావరిఖని బొగ్గుబావుల్లో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టినవాడు. కంటికి నున్నగా కనిపించే కప్పును కర్రతో తట్టి, డొల్ల మోత వస్తే సుద్దతో గుర్తు పెట్టేవాడు. ఆ గుర్తు కింద ఎవరూ నిలబడరు. ఓసారి పోశం అనేవాడు పని తొందరలో గుర్తు చెరిపేస్తే చెంప ఛెళ్లుమనిపించాడు.

అలాంటి మనిషికి నడుము పట్టేసి కుడికాలు మొద్దుబారింది. ఆపరేషన్ చేయకపోతే కాలు పడిపోతుందన్నారు. చేయడానికి పట్నం నుంచి వచ్చిన డాక్టర్ సుజిత దగ్గర వింత కళ్లద్దాలున్నాయి. వాటిలోంచి చూస్తే వీపు మీదే లోపలి ఎముకల బొమ్మ కనిపిస్తుందట. అది ఇంకా పరిశోధనేనన్న సంగతి ఆమె దాచలేదు.

"పదకొండుమందికి చూశాం. ఒక్కసారీ తప్పలేదు" అంది.

"పరిశోధనంటే మన ఈపుల మీద నేర్చుకునుడే" అన్నాడు ఆమోసు ఇంటికొచ్చి, భార్య ఎలిజబెత్‌తో.

కరీంనగర్‌లో స్కాన్ తీసేముందు అతని వీపు మీద లోహపు పూసలున్న పట్టీలు ఐదు అంటించారు. బొమ్మ ఎక్కడ కూర్చోవాలో కళ్లద్దాలకు చెప్పే ఆనవాళ్లు అవే. ఆపరేషన్ అయ్యేదాకా కదపొద్దన్నారు. కానీ ఆ ఇంట్లో మొగుడి వీపు రుద్దకుండా బువ్వ పెట్టే అలవాటు లేదు. బొగ్గు మసి లేకపోయినా ఎలిజబెత్ చెయ్యి ఊరుకోలేదు. రెండు పట్టీలు ఊడి చేతికొచ్చాయి.

"డాక్టరమ్మకు చెప్పాలె" అందామె భయంగా.

"చెప్పకు. ఏదో ఒక జాగల అతికియ్యి. నిజంగ బొక్కలు కనవడేటట్టయితే గీ పట్టీలతోని ఆమెకేం పని? సూద్దాం."

మర్నాడు దవాఖానలో అతన్ని బోర్లా పడుకోబెట్టి, సుజిత అద్దాలు పెట్టుకుని నడుము మీద పెన్నుతో గీత గీసింది.

"ఎల్లుండి కోత ఇక్కడే."

"ఓసారి చేత్తోని ఒత్తి సూడున్రి మేడం."

ఆమె బొటనవేలితో ఒత్తుకుంటూ వచ్చింది. గీత దగ్గర ఏమీ కాలేదు. వేలెడు కిందికి రాగానే అతని కాలు జివ్వుమని లాగింది. దొంగ దొరికాడని ఆమోసు లోలోపల మురిసిపోయాడు.

సుజిత మళ్లీ అద్దాల్లోంచి చూసింది. "కండ మందంగా ఉంది. చెయ్యి పొరబడొచ్చు. ఈ గీతే నమ్ముదాం." కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "పట్టీలేవీ కదల్లేదు కదా?"

ఆమోసు తాను తీసిన గోతిలో తానే పడ్డాడు. లేదంటే కాలు పోతుంది, అవునంటే పరువు పోతుంది. 'లేదు' అనే మాట నాలుక చివరిదాకా వచ్చి, పోశం చెంప గుర్తొచ్చి ఆగింది.

"కదిలినయి మేడం. మీ అద్దాలకు పరీక్ష పెడ్దామని నేనే ఏదో ఒక జాగల అతికియ్యుమన్న."

సుజిత ముఖం పాలిపోయింది. అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, దూదితో ఆ గీతను తుడిచేసింది.

"మళ్లీ స్కాన్ తీయాలి. ఈసారి నా వేలు వద్దన్నచోట కత్తి పెట్టను" అంది.

"గనిల గుర్తు చెరిపినోన్ని చెంప మీద కొట్టిన మేడం. ఇప్పుడు నన్నెవరు కొట్టాలె?"

ఆమె కొత్త స్కాన్‌కు చీటీ రాసి అతని చేతిలో పెట్టింది.

కొత్త పట్టీలతో ఇంటికొచ్చిన పూట, ఇరవై ఆరేళ్లలో మొదటిసారి, ఎలిజబెత్ వీపు ముట్టుకోకుండానే బువ్వ పెట్టింది. ఆమోసు వీపు గోడకు ఆననీయకుండా కూర్చుని తిన్నాడు.