పొక్కని టీకా

టీకా వేసిన ఎనిమిదో రోజున పిల్లల చేతులు చూసి, పొక్కిందో లేదో రిజిస్టరులో రాయాలి. పొక్కితేనే టీకా పట్టినట్టు. అది టీకాల బాబూరావు గారి ఉద్యోగం. మా ఊళ్లో మాత్రం ఆ పని నేను చేసేదాన్ని.

"నీ చేతిరాత ముత్యాలేనే నిర్మలా. ఇళ్లన్నీ తిరిగి రాసుకురా, సంతకం నేను పెడతాగా," అని ఆయన కాఫీ హోటలు బల్ల మీద కూర్చునేవాడు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం నాకు చేతకాదు. బడి వదలగానే ఇల్లిల్లూ తిరిగేదాన్ని.

పోలమ్మత్త కూతురికి ఏడు నెలలు. టీకా గీత మానిపోయింది గాని పొక్కలేదు. "పొక్కలేదు, మళ్లీ వేయాలి" అని రాసిచ్చాను. ఆయన దాన్ని కొట్టేసి "పొక్కింది" అని రాశాడు.

"అదేందండీ?" అన్నాను.

"ఒక్క పిల్ల కోసం గురజాల పోయి మందు తెచ్చి మళ్లీ సైకిలు తొక్కమంటావా? పో, చదువుకో."

పోలమ్మత్తకు చెప్పకుండానే ఇంటికొచ్చేశాను.

వారం తిరక్కుండానే పక్కూరు మాచవరంలో మశూచి వచ్చింది.

"అమ్మవారు పోసిందంటగా. మా పిల్లకేం భయంలేదులే, నువ్వేగా చూసిపోయింది," అంది పోలమ్మత్త.

"పొక్కలేదత్తా. ఆయన దొంగరాత రాశాడు."

"మరి నాకెందుకు చెప్పలేదే, మూగదానా!"

పిల్లను చంకనేసుకుని ఆమె హోటలుకు నడిచింది. నేనూ వెనకే వెళ్లాను.

బాబూరావు గారు కాఫీ తాగుతున్నాడు. "ఇళ్లు తిరిగింది ఈ పిల్ల. నన్నడుగుతావేంది?"

"జీతం దానికిస్తున్నారా అయ్యా?" అంది పోలమ్మత్త. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

బల్ల మీదున్న రిజిస్టరు తీసి గుండెకు హత్తుకున్నాను. "మందు తెచ్చి వెయ్యండి. అప్పుడిస్తా. లేకపోతే మీ పైవాళ్లకే చూపిస్తా."

"ఏమే, నాకే చెబుతావా?"

"నీకే చెబుతాంది. లే!" అంది పోలమ్మత్త.

మర్నాడు మధ్యాహ్నానికల్లా మందు తెచ్చాడు. పిల్లకు మళ్లీ టీకా పడింది. ఆయన రిజిస్టరు కోసం చెయ్యి చాపాడు.

"ఇందులో ఇంకా నలభైమంది పిల్లలున్నారు. వాళ్ల చేతులు ఈసారి మీరే చూడండి," అని రిజిస్టరు చంకలో పెట్టుకుని నేను ముందు నడిచి పక్కింటి తలుపు కొట్టాను.