చెయ్యి కదపకూడని రోజు

“నాకసలే బీపీ, నన్ను విసిగించకు” అనడం మా ఆయనకు అలవాటు. గ్యాస్ అయిపోయిందన్నా, పాపకు ఒళ్ళు వెచ్చగా ఉందన్నా అదే మాట. నిజానికి డాక్టరమ్మ ఆయనకు ఎప్పుడో చెప్పారు. తెల్లకోటును చూస్తే పెరిగే రకం అది, ఇంట్లో మామూలుగానే ఉంటోంది, ఇప్పటికి మందులక్కర్లేదు, అప్పుడప్పుడు మిషనుతో చూసుకుంటే చాలని. ఆయన అందులోంచి బీపీ అన్న ముక్క ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నారు. అప్పట్నించి మా ఇంట్లో టీవీ సౌండు తగ్గింది, కూరల్లో ఉప్పు తగ్గింది, నా నోరూ తగ్గింది.

ఒకరోజు ఆయన బీపీ మిషనుకు నేనే బ్యాటరీలు మార్చి, పనిచేస్తుందో లేదో చూద్దామని నా చేతికి చుట్టుకున్నాను. పైన నూట అరవై చూపించింది. మిషను పాడైందనే అనుకున్నాను. ఆయనా అదే అన్నారు. “నీకేం టెన్షన్లున్నాయని బీపీ రావడానికి?” కొన్న షాపుకు తీసుకెళ్తే మిషను భేషుగ్గా ఉందన్నారు. అప్పుడు భయమేసింది. కొన్నేళ్ళ క్రితం మా అమ్మ బట్టలారేస్తూ ఉన్నపాటున కూలబడిపోయింది. మూతి వంకర పోయింది. ఆమెకు బీపీ ఉందని మాకు ఆస్పత్రిలో తెలిసింది. అంతకుముందు తలనొప్పి కూడా లేదు.

డాక్టరమ్మ కొలిస్తే మామూలుగా ఉంది. “చూశావా” అన్నారు మా ఆయన, పందెం గెలిచినట్టు. డాక్టరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. రోజంతా దానంతటదే కొలిచే మిషను నడుముకు తగిలించి, పట్టీ చేతికి కట్టారు. “పట్టీ బిగుసుకున్నప్పుడల్లా చెయ్యి కదపకండి. ఏ పనిలో ఉన్నా సరే, ఆపేయండి” అన్నారు.

నా పెళ్ళయ్యాక ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆవిడే. గిన్నెలు తోముతుంటే పట్టీ బిగిసింది, ఆగాను. పక్కదుప్పట్లు మారుస్తుంటే బిగిసింది, ఆగాను. ఆగినప్పుడల్లా ఎవరో ఒకరికి నాతో పని పడేది. “ఏమ్మా, బొమ్మలా నిలబడిపోయావు?” అంది మా అత్తగారు, మంచినీళ్ళ కోసం చూస్తూ. మా ఆయన చొక్కా పట్టుకుని వచ్చారు, గుండీ ఊడిందని. చెయ్యి కదపకూడదండీ అన్నాను. “రెండోది ఖాళీయేగా?” అన్నారు. వేళాకోళానికేమో అనుకుని మొహం చూశాను. కాదు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళూ నేను ఆ రెండో చేత్తో కూడా చేస్తూనే ఉన్నానని అప్పుడు తట్టింది.

మర్నాడు డాక్టరమ్మ కాగితం మీద గీతలు చూపించారు. “మీది ముసుగేసుకున్న బీపీ. నా ముందు బుద్ధిగా ఉంటుంది, ఇంటికెళ్ళగానే లేస్తుంది” అన్నారు. ముందురోజే రక్తం తీసి చేయించిన కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు బాగానే ఉన్నాయి కాబట్టి వేరే జబ్బు తెచ్చిపెట్టింది కాదట. ఎక్కువమందికి వచ్చేది ఈ రకమేనట, ఇదీ కారణమని ఒక్కదాన్ని చూపించలేమట. రోజూ మాత్ర వేసుకోవాలి, తగ్గింది కదా అని సొంతంగా మానకూడదు. ఉప్పు తగ్గించాలి, నడవాలి. తర్వాత ఆవిడ వేలు ఒకచోట ఆగింది. మధ్యాహ్నం గీత బాగా కిందికి దిగింది.

“ఇక్కడ నిద్రపోయారా?”

“లేదండీ. అందరూ చుట్టాలింటికెళ్ళారు. ఊరికే కిటికీ దగ్గర కూర్చున్నాను.”

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూశారు. “రోజూ కాసేపు అదీ చెయ్యండి. మాత్రకు బదులు కాదు, మాత్రతో పాటు.”

ఇంటికొచ్చేసరికి మా ఆయన సోఫాలో ఉన్నారు. “ఏమీ లేదందా?”

“ఉందన్నారు. రోజూ మాత్ర వేసుకోవాలి.”

ఆయన కాస్త కంగారుపడ్డారు. కాదనను. “అయితే మర్చిపోకుండా వేసుకో” అని, “టీ పెడతావా?” అన్నారు.

“పెడతాను. రేపట్నించి మాత్రం సాయంత్రం ఒక గంట నన్ను లెక్కలో వేసుకోకండి.”

“ఎక్కడికెళ్తావు?”

“ఎక్కడికీ వెళ్ళను, ఇక్కడే ఉంటాను” అన్నాను. “పిలిస్తే పలకను.”